తొలితరం పర్వతారోహకుల ఆనవాళ్లు వెతకడం: భువనగిరి బండ మీద సాధన, ఎవరెస్టు ఉత్తరపు వాలు మీద పని

1924 జూన్ 8 మధ్యాహ్నం 12:50కి సహచరుడు నోయెల్ ఓడెల్ కళ్ల ముందే, ఎవరెస్టు శిఖరం వైపు ఎక్కుతున్న బ్రిటిష్ ఆరోహకులు జార్జ్ మలరీ, ఆండ్రూ ఇర్విన్ మబ్బులో కలిసిపోయారు. వాళ్లు శిఖరం చేరారో లేదో ఇప్పటికీ తేలలేదు. మలరీ దేహం 1999 మే 1న దొరికింది. 2024 సెప్టెంబరులో సెంట్రల్ రోంగ్‌బుక్ హిమానీనదం మీద ఇర్విన్ పేరు కుట్టిన మేజోడు, బూటు, వాటిలో పాదం బయటపడ్డాయి. ఇర్విన్ మిగతా దేహం, వాళ్ల వెంట ఉందని నమ్ముతున్న, ఆ సంగతి తేల్చగల కెమెరా ఇంకా దొరకలేదు. 2014 మే 25న మన తెలుగు విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ శిఖరం చేరింది ఈ ఉత్తరపు దారిలోనే. వాళ్లు బండ ఎక్కడం నేర్చుకున్నది భువనగిరిలో. అదే దారిలో వెళ్లబోయే వాళ్లు ఎక్కడంతో పాటు వెతకడం కూడా నేర్చుకుని పోతే మంచిది. అది వేరే విద్య.

మొదటి పని కాగితం మీదే అయిపోవాలి. మనిషి ఎక్కిన చోట వెతికితే దొరకడు, జారి ఆగిన చోట వెతకాలి. 1933లో పెర్సీ విన్-హారిస్ అనే ఆరోహకుడికి ఆ ఇద్దరిలో ఒకరి ఐస్ యాక్స్ (మంచుగొడ్డలి) దొరికింది శిఖరపు గట్టుకు కొంచెం కింద, సుమారు 8,460 మీటర్ల ఎత్తున. మలరీ దొరికింది 8,155 మీటర్ల దగ్గర, అంటే 300 మీటర్లు కింద. యెల్లో బ్యాండ్ అనే పసుపుపచ్చ రాతి పొర దాటి కిందికి వస్తే వాలు కాస్త తగ్గి గులకరాళ్ల మెట్టు ఒకటి వస్తుంది. పైనుంచి జారినవన్నీ అక్కడ ఆగుతాయి, ఆగనివి ఇంకా కిందున్న హిమానీనదం పాలవుతాయి. 1999లో వెతికే బృందంలోని కాన్రాడ్ ఆంకర్ ఆ మెట్టు దిగువ అంచుకు వెళ్లి చూశాడు కాబట్టే దేహం కనిపించింది. గాయాలు కూడా ఎత్తు చెబుతాయి. గట్టు మీది నుంచి పడ్డ దేహాలు పూర్తిగా నుజ్జవుతాయి. మలరీకి కుడికాలు విరిగింది, నడుము చుట్టూ తాడు ఒరుసుకున్న గుర్తు ఉంది, దేహం మాత్రం చాలావరకు నిలిచి ఉంది. అంటే మరీ పైనుంచి పడలేదని అర్థం.

సాక్ష్యాన్ని వాడే పద్ధతి ఒకటుంది. 1975లో వాంగ్ హోంగ్‌బావ్ అనే చైనా ఆరోహకుడు తన గుడారం నుంచి కొద్ది నిమిషాల నడక దూరంలో పాతకాలపు ఆంగ్లేయుడి దేహం చూశానని 1979లో ఒక జపాన్ ఆరోహకుడికి చెప్పాడు. మర్నాడే మంచుచరియ విరిగిపడి చనిపోయాడు. అందుకే 1999 బృందం ముందు దేహాన్ని వెతకలేదు, చైనా వాళ్ల 1975 నాటి క్యాంపును వెతికింది. అక్కడి పాత ఆక్సిజన్ సిలిండర్ దొరికాక దాని చుట్టూ గిరి గీసుకుంది. సాక్షి నిలబడ్డ చోటు తేలకుండా సాక్షి చెప్పిన దూరం ఎందుకూ పనికిరాదు.

ఇక సాధన. భువనగిరి గుట్ట ఏకశిల, గ్రానైటు. బూటు పట్టు దొరుకుతుంది. తాడు పని, క్రాంపాన్లతో (బూటు కింద కట్టుకునే ఇనుప ముళ్లతో) బండ మీద నడక నేర్చుకోవడానికి అది చాలు. కానీ ఎవరెస్టు పైభాగం సున్నపురాయి, దాని పొరలు ఉత్తరం వైపు కిందికి వాలి పెంకుటింటి కప్పులా ఉంటాయి, మీద సన్న గులక. కాలు పెడితే గులకతో పాటే జారుతుంది. ఆ తేడా తెలియాలంటే గులక పరుచుకున్న బండవాలు మీద, పైనుంచి తాడు కట్టుకుని నడవాలి. వెతుకులాట సాధనకు గ్రానైటు అసలు పనికిరాదు. ఎర్రబూడిద రంగు బండ మీద తెల్లగుడ్డ దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనబడి, మన కన్ను చాలా చురుకైందన్న భ్రమ కలిగిస్తుంది. మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి నేలలు చూసుకోండి. గనుల లోపలికి మాత్రం వెళ్లొద్దు.

వెతుకులాట సాధనకు ముందుగా ఒకరు వస్తువులు దాచాలి, ఎనిమిది చాలు: పాత గొంగడి ముక్క, ఎండకు వెలిసిన ఖాకీ గుడ్డ, తోలుచెప్పు, బూటు మేకులు, మూడు మూరల నూలుతాడు, తుప్పు డబ్బా, గాజుబుడ్డి, అగ్గిపెట్టంత ఇనుప ముక్క. రంగురంగుల నైలాన్ వద్దు, అది ఇప్పటి వాళ్ల ఆనవాలు. తొలితరం వాళ్లవి ఉన్ని, పట్టు, నూలు, గాబర్డీన్ బట్టలు, మేకులు కొట్టిన తోలుబూట్లు. చోటు తెలిసిన వస్తువు నుంచి అది కనుమరుగయ్యే దాకా వెనక్కి నడిచి అడుగులు లెక్కపెట్టండి. మళ్లీ దగ్గరికి వస్తూ మొదట కనిపించిన దూరం కూడా రాసుకోండి. రెంటి సగటే మీ చూపు దూరం. పక్కపక్కన నడిచే ఇద్దరి మధ్య ఎడం అంతకు మించకూడదు. ఈ లెక్కను గాగుల్స్, ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని మళ్లీ చేయాలి. మాస్కు కాళ్ల దగ్గరి నేలను కప్పేస్తుంది. చాలామందికి తప్పిపోయేది దూరపు వస్తువు కాదు, సొంత బూటు పక్కన ఉన్నదే.

కొండ మీద వెతుకుతూ నడిచే సాళ్లు వాలుకు అడ్డంగా వేయాలి, పైసాలు నుంచి కిందిసాలుకు దిగాలి. జారిన దేహం, సామాను గుండ్లకు ఎగువవైపున ఆనుకుని ఆగుతాయి. కింది నుంచి చూస్తే గుండు అడ్డం వస్తుంది. ఇప్పటి చివరి క్యాంపు సుమారు 8,300 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి పడమటికి తిరిగి దిగుతూ వెతికి, కింది క్యాంపు దారిలో కలవడం అన్నిటికన్నా తక్కువ అలసట. ఒకరి నెత్తిమీద ఒకరు ఉండకూడదు, పైవాడి కాలికింది రాయి కిందివాడి ప్రాణం తీస్తుంది. ఫిక్స్‌డ్ రోప్ (దారి వెంట ముందే కట్టి ఉంచిన తాడు) వదిలి నడిచే పని కాబట్టి, పట్టు తప్పితే ఆపేదేమీ ఉండదు. మంచు ఎక్కువ పడ్డ ఏడాది పోకపోవడమే మేలు. 1999లో మంచు తక్కువ ఉండటమే ఆ బృందానికి పెద్ద సాయం.

ఆక్సిజన్ లెక్క ఇది. 4 లీటర్ల సిలిండర్‌ను 300 బార్ ఒత్తిడితో నింపితే సుమారు 1,200 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 10 గంటలు, 4 లీటర్లయితే 5 గంటలు. మూడో వంతును తిరుగు ప్రయాణానికి పక్కన పెట్టి మిగిలిందే వెతకడానికి వాడండి. వెనుదిరిగే గంట బేస్ క్యాంపులోనే రాసుకోవాలి. 8,000 మీటర్ల పైన బుర్ర మందగిస్తుంది, అక్కడ తీసుకునే నిర్ణయాలు నమ్మదగినవి కావు. రేడియోలో ఇతర బృందాలు వింటాయి. దొరికితే చెప్పే గుర్తుమాట ఒకటి పెట్టుకోండి, "సద్ది విప్పండి" లాంటిది. ఎక్కే అనుమతిలో వెతికే, తాకే అనుమతి ఉందనుకోవద్దు. ఉత్తరపు వాలు చైనా ఏలుబడిలోని టిబెట్‌లో ఉంది కాబట్టి, చైనా అధికారులను విడిగా, రాతపూర్వకంగా అడగాలి. మలరీ, ఇర్విన్ కుటుంబాల వాళ్లకూ ముందే తెలియజేయాలి.

దొరికితే చెయ్యి పెట్టకండి. ముందు ఫొటోలు, పక్కన కొలబద్ద పెట్టి నాలుగు దిక్కుల నుంచి. ఆ తర్వాత జీపీఎస్ అంకెలు, తల ఎటుంది, తాడు ఎటు తెగింది. బట్టల మీది పేరుచీటీ చూడకుండా పేరు చెప్పొద్దు. 1999లో ఇర్విన్ దేహం అనుకుంటూ మొదలుపెట్టి, మెడ దగ్గర మలరీ పేరుచీటీ చూశాకే సంగతి గ్రహించారు.

కెమెరా అరచేతిలో పట్టేంతది, 1924 బృందంలోని హోవర్డ్ సోమర్‌వెల్ ఇచ్చిన వెస్ట్ పాకెట్ కొడాక్ (మడిచి జేబులో పెట్టుకునే రకం). అందులో 127 రకం ఫిల్మ్, 8 ఫొటోలు పడతాయి. దొరికితే తెరవొద్దు, చుట్టేమీట తిప్పొద్దు, మడిచి ఉంటే విప్పొద్దు, విప్పి ఉంటే మడవొద్దు. ఆ చలిలోనే నల్లసంచిలో, దాన్ని గాలిచొరని ఇంకో సంచిలో పెట్టి మూయండి. తడి పట్టినా అది సంచి పైనే పడుతుంది, కెమెరాకు అంటదు. కోటు జేబులో పెట్టుకుంటే ఒంటివేడికి మంచు కరిగి ఫిల్మ్ పొరలు అతుక్కుపోతాయి. ల్యాబు దాకా గడ్డకట్టిన స్థితిలోనే పోవాలి, విమానాశ్రయంలో ఎక్స్‌రే తగలకూడదు. బొమ్మలు బతికే ఉంటాయన్న ఆశ ఉత్తదేం కాదు. 1897లో ధ్రువప్రాంతంలో పోయిన ఆండ్రే బెలూన్ బృందం ఫిల్మ్ 1930లో దొరికితే, అందులో 93 ఫొటోలు తేలాయి.

చివరగా దేహాన్ని రాళ్లతో కప్పాలి. మలరీకి అలాగే చేసి ప్రార్థన చదివారు. ఆ వాలు మీద రాళ్లు మంచుకు అతుక్కుని ఉంటాయి, ఐస్ యాక్స్‌తో పెకలించి ఒక్కొక్కటే మోయాలి. ఆ పనికి పట్టే ఆక్సిజన్‌ను పొద్దున క్యాంపులోనే లెక్కలో కలపండి.