లివర్ మార్పిడి తర్వాత పిత్తనాళం ఇరుకైతే: లక్షణం, కారణం, పరిష్కారం

లివర్ మార్పిడి అయినవాళ్లకు కళ్లు పచ్చబడితే మన ఇళ్లలో ఎవరో ఒకరు పసరు మందు మాట ఎత్తుతారు. దయచేసి వద్దు. ఇది పసరుతో తగ్గేది కాదు, లివర్‌లో తయారైన పిత్తం పేగులోకి పోయే దారి (పిత్తనాళం) మూసుకుపోవడం కావచ్చు. పైగా ఆ ఆకుల్లో ఏముందో, కొత్త లివర్‌ను శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మందును అది ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఒంట్లో బాగానే ఉంది, రక్తపరీక్షలో ఏఎల్‌పీ, జీజీటీ (లివర్ ఎంజైములు) మాత్రం పెరిగాయి

చాలామందిలో ముందు బయటపడేది ఇదే. కొత్త లివర్‌కు నరాలు తెగి ఉంటాయి కాబట్టి నాళం మూసుకుంటున్నా నొప్పి తెలియకపోవచ్చు. అల్ట్రాసౌండ్‌లో నాళం ఉబ్బినట్టు కనిపించకపోయినా ఇరుకు లేదని అనుకోకూడదు. ఎంఆర్‌సీపీలో (పిత్తనాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్) ఇరుకు ఎక్కడుందో తెలుస్తుంది. రిజెక్షన్‌లోనూ, అంటే శరీరం కొత్త లివర్‌ను తిరస్కరించినప్పుడూ, ఈ అంకెలు పెరగొచ్చు, అందుకే అనుమానం ఉంటే బయాప్సీ (లివర్ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష) చేస్తారు.

దురద, ముదురు రంగు మూత్రం, పాలిపోయిన మలం, పచ్చకళ్లు

ఎక్కువగా దాత నాళాన్ని, మన నాళాన్ని కలిపి కుట్టినచోట మచ్చ కట్టి బిగుసుకుంటుంది. బతికున్న దాత ఇచ్చిన లివర్‌లో నాళాలు సన్నగా ఉంటాయి, ఒక్కోసారి రెండు మూడు కుట్టాల్సి వస్తుంది. మన దేశంలో ఎక్కువ మార్పిడులు ఇలాంటివే కనుక ఈ సమస్యా ఎక్కువే. ఆపరేషన్ తర్వాత పిత్తం లీకైనవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి.

దీనికి ముందుగా చేసేది ఈఆర్‌సీపీ. నోటి ద్వారా ఎండోస్కోపు (కెమెరా ఉన్న గొట్టం) పంపి, ఇరుకును బెలూన్‌తో వెడల్పు చేసి, దారి తెరిచి ఉంచే చిన్న గొట్టాలు, అంటే ప్లాస్టిక్ స్టెంట్లు పెడతారు. సుమారు 3 నెలలకోసారి వాటిని మారుస్తూ, వీలైతే సంఖ్య పెంచుతూ, దాదాపు ఏడాది కొనసాగిస్తారు. కొందరికి పూర్తిగా కవర్ ఉన్న మెటల్ స్టెంట్ సరిపోతుంది. నాళాన్ని నేరుగా పేగుకు కుట్టినవాళ్లలో మామూలు ఎండోస్కోపు అక్కడిదాకా చేరడం కష్టం. వాళ్లకు చర్మం గుండా లివర్‌లోకి సూదితో దారి చేస్తారు.

దురదకు ఎవరైనా రిఫాంపిసిన్ మందు రాసిస్తే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కు తప్పక చెప్పండి. అది రక్తంలో టాక్రోలిమస్‌ను బాగా తగ్గించేస్తుంది.

చలి, వణుకు, జ్వరం

నిలిచిన పిత్తంలో ఇన్ఫెక్షన్ వచ్చి ఉండొచ్చు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల వల్ల జ్వరం కొద్దిగానే ఉండొచ్చు, ఆ కొద్దిపాటి జ్వరాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి. యాంటీబయాటిక్స్ నరంలోకి ఎక్కిస్తారు, నిలిచిన పిత్తాన్ని బయటికి తీస్తారు. స్టెంట్ ఉన్నవాళ్లలో అది పూడుకుపోవడమే తరచుగా కారణం. స్టెంట్ మార్చాల్సిన తేదీని వంటింటి క్యాలెండర్ మీద రాసుకోండి, పెళ్లిళ్లు, ప్రయాణాలు ఉన్నాయని వాయిదా వేయకండి.

లివర్ లోపల చాలాచోట్ల ఇరుకులు

పిత్తనాళాలకు రక్తం వచ్చేది హెపాటిక్ ధమని నుంచి. అది మూసుకుపోతే నాళాలు దెబ్బతింటాయి, అందుకే రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్ చేస్తారు. ఈ రకంలో బెలూన్, స్టెంట్లు అంతగా పనిచేయవు. కొందరికి మళ్లీ మార్పిడి అవసరం పడుతుంది.

స్టెంట్లు తీసేశాక మళ్లీ దురద

ఇరుకు తిరిగి రావడం కొత్తేమీ కాదు, మళ్లీ బెలూన్‌తో చాలామందిలో సర్దుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే నాళాన్ని పేగుకు కలిపే ఆపరేషన్ ఉంది. అందుకే స్టెంట్లు తీసిన తర్వాతా, దురద లేకపోయినా, డాక్టర్ చెప్పిన తేదీలకు రక్తపరీక్షలు చేయించండి.