చవక ఎయిర్ పిస్టల్‌కి పార్టులు మార్చాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి

ఎయిర్ పిస్టల్ కొత్తగా కొన్నవాళ్లు నెల తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటుంది: "దీనికి ఏం మారిస్తే ఇంకా బాగా కొడుతుంది?" స్ప్రింగ్ మార్చమని ఒకరు, ట్రిగ్గర్ అరగదీయించమని ఇంకొకరు, రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) పెట్టించమని మరొకరు సలహా ఇస్తారు. ఆ పిస్టల్ ఇప్పుడు ఎలా కొడుతోందో మాత్రం ఒక్కరూ కొలవరు. ఎనిమిది వేల పిస్టల్‌కి ఆరు వేల పార్టులు తగిలించి, స్కోరు కదలకపోతే కంపెనీని తిట్టుకుంటారు. కొలవండి బాబూ, కొలిస్తే సగం పార్టులు అక్కర్లేదని తేలిపోతుంది.

నేను చెప్పేది 10 మీటర్ల దూరంలో కాగితం టార్గెట్ మీద ఒంటి చేత్తో కొట్టే ఆట గురించే. మను భాకర్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది, మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడేది ఈ ఆటే. పిట్టల్ని కొట్టడానికి పిస్టల్ కొన్నవాళ్లకి ఇక్కడ పనికొచ్చేది ఏమీ లేదు.

1. సామాన్లు

రెండు మూడు రకాల చదును ముక్కు పెల్లెట్లు (పిస్టల్‌లో వేసే సీసపు గుళ్లు), 170 మి.మీ. చదరం అసలు టార్గెట్ కార్డులు, పెల్లెట్ ట్రాప్ (కొట్టిన పెల్లెట్లని ఆపే పెట్టె), కంటి రక్షణకి కళ్లద్దాలు, స్కేలు, సూట్‌కేసులు తూచే చిన్న డిజిటల్ కాటా, ఇసుక పోసి కుట్టిన పాత జీన్స్ కాలు. ఇంతే. నోట్‌బుక్ కాగితం మీద కొట్టొద్దు, కన్నం చిరిగిపోయి కొలతకు దొరకదు.

చోటు సంగతి. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో, మేడ మీద కుదరదు. ఇంట్లో తలుపులన్నీ గడియ పెట్టి 10 మీటర్లు దొరికితే సరే, లేకపోతే షూటింగ్ రేంజ్‌కి వెళ్లండి. తీసుకెళ్లేటప్పుడు పెట్టెలో పెట్టి తీసుకెళ్లండి. దూరం నుంచి చూసేవాళ్లకి ఇది నిజం పిస్టల్‌లాగే కనిపిస్తుంది. మన వైజాగ్ బీచ్ రోడ్డు మీద చేత్తో పట్టుకుని నడిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

2. మీ పిస్టల్ ఏ రకం?

బ్యారెల్ మడిచి స్ప్రింగ్ బిగించేదా, మీట ఒక్కసారి లాగితే గాలి నిండేదా, కార్బన్ డయాక్సైడ్ గుళిక పెట్టేదా? చవక పిస్టళ్లలో దాదాపు అన్నీ ఈ మూడింట్లో ఒకటి. గుళిక పిస్టల్ అయితే వైజాగ్ ఎండ గుర్తుంచుకోండి. 20 డిగ్రీల దగ్గర ఆ వాయువు పీడనం 57 బార్ ఉంటే 30 దగ్గర 72 దాకా పోతుంది. మే నెల మధ్యాహ్నం కొట్టిన గ్రూపునీ (కార్డు మీద పడిన కన్నాల గుంపు) డిసెంబరు ఉదయం కొట్టిన గ్రూపునీ పక్కపక్కన పెట్టి "కొత్త వాల్వ్ పనిచేసింది" అనేవాళ్లని ఏమనాలి? గుళిక ఎక్కించిన పిస్టల్‌ని స్కూటర్ డిక్కీలో వదిలేయడం మరీ ప్రమాదం.

3. పైసా ఖర్చు లేని పనులు

స్క్రూలన్నీ బిగించండి. తర్వాత వెనుక సైట్‌ని (గురి చూసే భాగం) బొటనవేలితో పక్కకి నొక్కి వదలండి. నోచ్ (గాడి) ఉన్న ఆ చిన్న పలక గోరంత కదిలి మళ్లీ వెనక్కి రాకుండా అక్కడే నిలబడితే, మీ సమస్య సగం అక్కడే ఉంది. రెండు సైట్ల మధ్య దూరం 300 మి.మీ. అనుకుంటే, సైట్ 1 మి.మీ. జరిగినప్పుడు 10 మీటర్ల దగ్గర పెల్లెట్ 33 మి.మీ. జరుగుతుంది. మూడో వంతు మిల్లీమీటరు కంటికి ఆనదు, కానీ టార్గెట్ మీద అది 11 మి.మీ.

మడత పిస్టల్ అయితే మూసిన బ్యారెల్‌ని పక్కలకి ఊపి చూడండి. కటకటలాడితే కీలు బోల్టు బిగించాలి. బ్రీచ్ (బ్యారెల్‌లో పెల్లెట్ పెట్టే చివర) దగ్గర సన్నటి టిష్యూ కాగితం ముక్క పెట్టి, పెల్లెట్ వేసి, ట్రాప్‌లోకి ఒకటి కొట్టండి. కాగితం ఎగిరితే సీల్ (గాలి బయటికి పోకుండా ఆపేది) కారుతున్నట్టే. కొత్త సీల్ వేయడం రిపేరు కిందికి వస్తుంది, అప్‌గ్రేడ్ కాదు. దానికి ఆలోచన అక్కర్లేదు, వేసేయండి.

4. అసలు పరీక్ష: ఆనించి కొట్టడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

మీ చేతి వణుకుని వీలైనంత తీసేసి, పిస్టల్ ఒక్కటే ఎంత చెదరగొడుతుందో చూడటం ఈ పరీక్ష ఉద్దేశం. టేబుల్ ముందు కూర్చోండి. రెండు మోచేతులూ టేబుల్ మీద, రెండు చేతులతో పిస్టల్, మణికట్లు ఇసుక సంచి మీద. సంచికి ఆనేది మీ మణికట్టు, పిస్టల్ కాదు. స్ప్రింగ్ పిస్టల్ అయితే దీన్ని అస్సలు మీరకండి.

కొందరు తెలివైనవాళ్లు పిస్టల్‌ని వైస్‌లో (లేత్ షాపుల్లో ఇనప ముక్కల్ని కదలకుండా పట్టే పరికరం) బిగించి కొడతారు. ఆటోనగర్ లేత్ షాపులో బిగించి తీసిన ఫోటోలు కూడా చూపిస్తారు. స్ప్రింగ్ పిస్టల్‌లో ట్రిగ్గర్ వదలగానే పిస్టన్ ముందుకి దూకుతుంది, పిస్టల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివరకి తగలగానే పిస్టల్ మళ్లీ ముందుకి ఊగుతుంది. ఈ కుదుపు మొదలయ్యే సరికి పెల్లెట్ ఇంకా లోపలే ఉంటుంది. చేతిలో ఆ కుదుపు ఒక రకంగా ఉంటే, వైస్‌లో పూర్తిగా వేరే రకంగా ఉంటుంది. మీరు ఆడేది చేత్తో అయినప్పుడు వైస్‌లో కొలిచింది దేనికి? పైగా గట్టిగా బిగిస్తే సిలిండర్ నొక్కుకుపోతుంది. ముందే గాలి నింపుకునే రకాలకి ఈ కుదుపు ఉండదు, వాటిని సంచి మీద ఆనించవచ్చు. అయినా ప్రతిసారీ ఒకే చోట ఆనించాలి.

పెల్లెట్ రకం మార్చినప్పుడల్లా మొదటి పది పదిహేను లెక్కలోకి తీసుకోవద్దు. బ్యారెల్ లోపల కొత్త సీసం పూత పడేదాకా గ్రూపు కుదురుకోదు. పెల్లెట్లని అద్దం ముక్క మీద దొర్లించి, గిరగిరా సమంగా తిరగనివి పక్కన పడేయండి. వాటి వెనుక అంచు వంగి ఉంటుంది. ప్రతి పెల్లెట్‌నీ బొటనవేలితో ఒకే లోతుకి నొక్కండి.

మడత పిస్టల్‌లో పెల్లెట్ పెట్టేంతసేపూ రెండో చేత్తో బ్యారెల్‌ని గట్టిగా పట్టుకునే ఉండాలి. లోపలి కొక్కెం జారితే బ్యారెల్ ఠక్కున పైకి లేచి వేలిని నుజ్జు చేస్తుంది. నేను ఇది చెప్పినప్పుడల్లా నవ్వేవాళ్లుంటారు. నవ్వుకోండి, బ్యారెల్ మాత్రం పట్టుకోండి.

ఇప్పుడు ఒక కార్డుకి పది చొప్పున, ఒక్కో పెల్లెట్ రకానికి మూడు కార్డులు. ఐదు కొట్టి ఆపొద్దు. ఐదు పెల్లెట్లు అదృష్టం కొద్దీ ఒకే కన్నంలో పడొచ్చు. అలాంటి కార్డులే ఫోన్లలో తిరుగుతుంటాయి. మధ్యలో సైట్ తిప్పొద్దు. గ్రూపు మధ్యలో పడకపోయినా ఫర్వాలేదు, అది ఎంత విప్పారిందన్నదే మనకు కావాలి. దూరంగా పడిన ఒక్కదాన్ని "అది నా పొరపాటు" అని కొట్టేయకండి. పేలగానే, కార్డు చూడకముందే జారిందని తెలిస్తే ఆ మాట చెల్లుతుంది. చూశాక చెబితే చెల్లదు.

ఇదంతా ఉదయం తొమ్మిదిలోపే, ఫ్యాన్ ఆపి చేయాలి. తొమ్మిది దాటితే మన ఊళ్లో అరచెయ్యి చెమట పట్టి గ్రిప్ (పిడి) జారుతుంది. అప్పుడు కొలిచేది పిస్టల్‌ని కాదు, ఉక్కపోతని. ఏసీ గదిలో ఎప్పుడైనా చేయవచ్చని వాదిస్తారు, నేను ఒప్పుకోను.

కొలత: బాగా దూరంగా ఉన్న రెండు కన్నాల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, అందులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 తీసేయండి. మూడు కార్డుల సగటు రాసుకోండి. తర్వాత, అన్నిట్లోకీ బాగా కొట్టిన పెల్లెట్‌తో, నిలబడి ఒంటి చేత్తో మరో మూడు కార్డులు కొట్టి అలాగే కొలవండి.

5. లెక్క

పది వలయం (టార్గెట్ నడిమధ్య ఉండే, పది పాయింట్లిచ్చే వలయం) వ్యాసం 11.5 మి.మీ. పెల్లెట్ అంచు గీతకి తగిలినా పదే ఇస్తారు. అంటే పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ మధ్య నుంచి 8 మి.మీ. లోపు పడితే చాలు. ఆనించి కొట్టిన గ్రూపు 16 మి.మీ. లోపు ఉందంటే, ఆ పిస్టల్ దాదాపు ప్రతి పెల్లెట్‌నీ పదిలో వేయగలదు. అంతకంటే దాన్ని ఏం అడుగుతారు?

16 దాటిందని కూడా కంగారు పడకండి. ఆనించినప్పుడు 20, ఒంటి చేత్తో 63 వచ్చిందనుకుందాం. "పిస్టల్ వాటా 20 తీసేస్తే 43 అవుతుంది కదా" అంటారు. కాదు. పిస్టల్ చెదురూ చేతి చెదురూ అలా కూడవు, వర్గాలుగా కూడతాయి. 63 వర్గంలోంచి 20 వర్గం తీసేసి వర్గమూలం కట్టండి: దాదాపు 60. అంటే లోకంలో అన్నిటికంటే గొప్ప పిస్టల్ మీ చేతికిచ్చినా, చేయి అదే అయితే, గ్రూపు తగ్గేది 3 మి.మీ. పైగా ఆనించిన 20లో కూడా కొంత మీదే.

నా సూత్రం ఇది: ఆనించిన గ్రూపు ఒంటి చేతి గ్రూపులో సగం కంటే తక్కువైతే స్ప్రింగ్, పిస్టన్, బ్యారెల్ జోలికి పోకూడదు. సరిగ్గా సగం ఉన్నా పిస్టల్ దోషమంతా మాయం చేస్తే వచ్చే లాభం 13 శాతమే. మూడింట రెండొంతులు దాటితే అప్పుడు పిస్టల్‌ని అనుమానించండి. అప్పుడైనా మూడో మెట్టుకి వెనక్కి వెళ్లి సైట్, కీలు, సీల్ చూసి, మరో రకం పెల్లెట్ ప్రయత్నించాకే పార్టు మాట.

6. కొనాల్సి వస్తే

ఈ పరీక్షకి దొరకనివి రెండున్నాయి: గ్రిప్, ట్రిగ్గర్. రెండూ మీ చేతికీ పిస్టల్‌కీ మధ్య ఉండేవి, కాబట్టి మీ చేతి వాటాని తగ్గించగలిగేవి కూడా ఇవే.

ముందు గ్రిప్. కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తి, కళ్లు తెరవగానే ముందు సైట్ వెనుక నోచ్ మధ్యలో ఉండాలి. ప్రతిసారీ ఒక పక్కకే పోతుంటే గ్రిప్ మీ చేతిది కాదు. కొత్తది కొనక్కర్లేదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-సీల్ లాంటి ముద్దని ఖాళీ ఉన్నచోట అద్ది, పల్చటి ప్లాస్టిక్ కవరు వేసి పట్టు ముద్ర తీసి, గట్టిపడ్డాక ఆకురాయితో సవరించుకోండి. చెక్క గ్రిప్ అయితే పైన మెరిసే పాలిష్ గీకేయండి, వైజాగ్ చెమటకి పాలిష్ పనికిరాదు. కొత్తగా చెక్కించాలంటే టేకు. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర చెక్కడానికి హాయిగా ఉంటుంది కానీ మెత్తన, అంచులు నొక్కుకుపోతాయి. పోటీకి వెళ్లాలనుకుంటే గ్రిప్ మణికట్టుకి ఆసరా ఇవ్వకూడదన్న నిబంధన మర్చిపోకండి.

తర్వాత ట్రిగ్గర్. పెల్లెట్ వేసి, పిస్టల్ ట్రాప్ వైపే ఉంచి, కాటా కొక్కెంతో ట్రిగ్గర్‌ని నెమ్మదిగా వెనక్కి లాగి ఎంత బరువుకి వదిలిందో చూడండి. పోటీ నిబంధన ప్రకారం 500 గ్రాములకి తగ్గకూడదు. చవక వాటిలో కిలో దాటడం మామూలే. ఒక కిలో ఉన్నా ప్రతిసారీ అంతే ఉంటే అలవాటు పడొచ్చు. ఒకసారి తొమ్మిది వందలు, ఒకసారి పదిహేను వందలు వస్తేనే బాధ. కంపెనీ ఇచ్చిన స్క్రూ తిప్పండి, కంపెనీయే అమ్మే ట్రిగ్గర్ కిట్ ఉంటే వేయండి. ట్రిగ్గర్ లోపలి కొక్కేన్ని ఆకురాయితో అరగదీయడం మాత్రం వద్దు. చాలా పిస్టళ్లలో గట్టిదనం పైపొర వరకే. అది పోయాక మెత్తటి లోహం రోజురోజుకీ అరిగి, ఏదో ఒక రోజు పిస్టల్ మూయగానే పేలుతుంది.

గట్టి స్ప్రింగ్ అసలే వద్దు. అర గ్రాము పెల్లెట్ సెకనుకి 150 మీటర్లతో పోతే శక్తి 5.6 జౌల్స్, 10 మీటర్ల కాగితానికి అది ధారాళం. లైసెన్స్ లేకుండా ఉంచుకునే ఎయిర్ గన్‌కి పరిమితి 0.177 అంగుళాల బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం), 20 జౌల్స్. ఆ వైపు నడవాల్సిన పనే లేదు. ఎక్కువ తన్నే పిస్టల్‌తో గ్రూపు పెద్దదే అవుతుంది. రెడ్ డాట్, లేజర్ పోటీల్లో నిషేధం, కాబట్టి వాటితో సాధన కూడా దండగ.

7. ఎక్కడ ఆపాలి

పార్టుల ఖర్చు మొత్తం పిస్టల్ ధరలో మూడో వంతు దాటకూడదు. దాటుతోందంటే ఆ డబ్బు దాచుకుని, ఎవరైనా షూటర్ వాడిన మ్యాచ్ పిస్టల్ (పోటీలకని చేసిన పిస్టల్) కోసం చూడండి. కొనేముందు గాలి సిలిండర్ మీద తేదీ చదవండి. సాధారణంగా వాటి ఆయుష్షు పదేళ్లే. తేదీ దాటినదాన్ని ఎంత చవకగా ఇచ్చినా కొత్త సిలిండర్ ధర కలిపే బేరమాడాలి.

ఏ పార్టు మార్చినా, అదే పెల్లెట్ డబ్బాతో, అదే టైమ్‌కి నాలుగో మెట్టు మళ్లీ చేయండి. గ్రిప్, ట్రిగ్గర్ మారిస్తే ఒంటి చేతి కార్డులు చూడండి, మిగతా వాటికి ఆనించినవి. సగటు రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే తగ్గితే ఏమీ తగ్గనట్టే లెక్క. తీసిన పాత పార్టుకి నూనె రాసి, కవర్లో చుట్టి, పేరు రాసి దాచండి. సముద్రపు గాలికి ఉత్తినే పెడితే వానాకాలం వెళ్లేలోపు తుప్పు పడుతుంది. రేపు పిస్టల్ అమ్మేటప్పుడు కొనేవాళ్లు ముందు అడిగేది ఒరిజినల్ పార్టులే.