గోబర్ గ్యాస్ వస్తది గానీ పొయ్యి అంటుకుంటలేదా? లోపల హైడ్రోజన్ తినేటివాటిని ఇట్ల సాకాలె

కొత్త ప్లాంటుల పెండ నింపినంక గ్యాస్ వస్తది కానీ అగ్గిపుల్ల పెడ్తే అంటుకోదు, దేవరకొండ అయినా అచ్చంపేట అయినా అందరూ ఇక్కడనే పరేషాన్ అయితరు. ప్లాంటు ఖరాబు కాలే. లోపల పని చేసేటివి రెండు గుంపులు, మొదటి గుంపు బ్యాక్టీరియా, అవి పెండల గడ్డి పీసు విరగ్గొట్టి ఆమ్లాలు, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ చేస్తయి. పొయ్యిల మండే మీథేన్ గ్యాస్‌ను రెండో గుంపే చేస్తది, ఇవి బ్యాక్టీరియా కానే కావు, ఆర్కియా అనే వేరే జాతి, 1977ల కార్ల్ వోస్ అనే శాస్త్రవేత్త వీటిని విడిగా గుర్తువట్టిండు.

వీటిల కొన్ని ఎసిటిక్ ఆమ్లాన్ని విరగ్గొడ్తయి, కొన్ని నాలుగు హైడ్రోజన్ అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు తీస్కొని ఒక మీథేన్, రెండు నీళ్ల అణువులు చేస్తయి. ట్యాంకుల మీథేన్ ఎక్కువ ఎసిటిక్ దారిలనే వస్తది కానీ నా లెక్కల ప్లాంటు బతికేది ఈ హైడ్రోజన్ తినేటివాటి మీదనే, ఎందుకంటే హైడ్రోజన్ జర పేరుకపోయినా వేరే ఆమ్లాలు విరుగుడు ఆగిపోతది, ఆమ్లం మీద ఆమ్లం చేరి పులుపెక్కుతది, ఆ పులుపుకు మీథేన్ చేసేటివి ఇంకా పడకేస్తయి. మొదటి గుంపు గంటలల్ల రెట్టింపైతది, మీథేన్ చేసేటివాటికి చానావరకు రోజులు పడ్తది. అందుకే మన తొందర కాదు, వాటి తొందర చూడాలె.

కల్చర్, అంటే ఈ జీవుల విత్తనం, కొనాల్సిన పని లేదు. బర్రె కడుపులనే ఇవి ఉంటయి, అది తేన్చినప్పుడు బయటికొచ్చే మీథేన్ ఎక్కువ శాతం హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌తోని తయారైందే. మిర్యాలగూడ దిక్కు నీళ్లు నిల్చిన వరిమడిల కాలు పెడ్తే బుడగలొస్తయి సూడుండ్రి, అండ్ల కూడా ఈ జాతివే. అయినా దగ్గర్ల నడుస్తున్న ప్లాంటు ఉంటే దాని స్లర్రీ, అంటే బయటికొచ్చే పెండ నీళ్లు, కొన్ని బకెట్లు తెచ్చి పోస్తే మస్తు జల్ది మొదలైతది.

పెండ ఎంతో నీళ్లు అంత, రాళ్లు, గడ్డి పోసలు ఏరేసి ఉండలు లేకుండ చేత్తోని పిసికి పోయాలె. రెండు క్యూబిక్ మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పెండ, కిలోకు దాదాపు 40 లీటర్ల గ్యాస్ లెక్క. కానీ ట్యాంకు నిండినంక మంట పట్టేదాకా పెండ పోయకుండ ఆగాలె, తర్వాత ఈ లెక్కల సగం నుంచి మెల్లగ పెంచాలె. ఫినాయిల్, బ్లీచింగ్, సబ్బు నీళ్లు అస్సలు పోవొద్దు, యాంటిబయాటిక్ సూదులు ఇచ్చిన బర్రె పెండ కొన్ని రోజులు పక్కకు పెట్టుండ్రి.

మొదట నిండిన గ్యాస్‌ల కార్బన్ డయాక్సైడ్, గాలి ఎక్కువ, దాన్ని బయట ఖాళీ జాగల వదిలేయాలె, దగ్గర బీడీ కూడా ముట్టియ్యొద్దు, గాలి కలిసిన మీథేన్ పేలుతది. తర్వాత మళ్లా నిండిన గ్యాస్‌ను పొయ్యి మీదనే చూడాలె, పైపు మూతికాడ గానీ ట్యాంకుకాడ గానీ అగ్గిపుల్ల పెట్టొద్దు. బాగా నడిచే ప్లాంటుల మీథేన్ 55 నుంచి 65 శాతం ఉంటది, మంట నీలంగ వస్తది.

మధ్యల మంట తగ్గిందంటే బయటికొచ్చే స్లర్రీ వాసన చూడుండ్రి. మంచిగ నడుస్తుంటే పచ్చి పెండంత వాసన రాదు, పులిసిన ఘాటు వాసన కొడ్తుందంటే ఆమ్లం పేరుకున్నట్టే. పులుపు కొలిచే పీహెచ్ పట్టీ (అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు) ముంచితే 6.8 నుంచి 7.5 మధ్యల ఉండాలె, 6.5 కిందికి పోతే పెండ పోసుడు బంద్ చేసి సున్నపు తేట కొంచెం కొంచెం కలుపుకుంట పట్టీ చూస్కోవాలె, ఒక్కసారే గుమ్మరియ్యొద్దు.

చలికాలంల గ్యాస్ తగ్గుతది, 35 డిగ్రీల దగ్గర్ల ఇవి జోరుగ పని చేస్తయి మరి. డిసెంబర్, జనవరిల పొద్దున చల్లటి నీళ్లతోని కలపకుండ, ఎండకు పెట్టిన నీళ్లతోని మధ్యాహ్నం కలిపి పోయుండ్రి, ట్యాంకు చుట్టు వరిగడ్డి మందంగ కప్పుండ్రి. గ్యాస్ తక్కువైందని పెండ ఎక్కువ పోసుడు మాత్రం ఆ నెలలల్ల అస్సలే చేయొద్దు.