అవుట్‌డోర్ యూనిట్ దగ్గర వైర్లు ఒకసారి చూడండి

ఏసీ బిగించాక చల్లగాలి వస్తోందా లేదా అన్నదే చూస్తాం. మేడ మీదో, బాల్కనీ బయటో ఉన్న అవుట్‌డోర్ యూనిట్‌ను ఎవరూ పట్టించుకోరు. వానలు పడకముందే ఒకసారి వెళ్లి చూడండి. ముట్టుకోవద్దు, కంటితో చూస్తే చాలు.

ముందు వైరుకు మధ్యలో అతుకు ఉందేమో గమనించండి. రెండు వైర్లు మెలేసి నల్ల టేపు చుట్టేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. మన ఎండలకు టేపు జిగురు పోయి ఊడుతుంది, వానకు లోపలికి నీళ్లు దిగుతాయి. ఒకటిన్నర టన్ను ఏసీ 7, 8 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, కాబట్టి అతుకు వదులైతే అక్కడే వేడెక్కుతుంది. మా ఇంట్లో టేపు విప్పిస్తే రాగి తీగ నల్లగా మాడిపోయి ఉంది.

వైర్లు బిగించే చోట మూత ఉండాలి. వైరు కొంచెం కిందికి వంగి, మళ్లీ పైకి లేచి లోపలికి వెళ్లాలి. పైనుంచి నేరుగా దిగితే వాన నీరు దాని వెంటే లోపలికి జారుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఆకుపచ్చ ఎర్త్ వైరు. అది లేకపోయినా ఏసీ నడుస్తుంది, అందుకే కొందరు కత్తిరించి వదిలేస్తారు. ఎర్త్ లేనప్పుడు లోపల ఏదైనా తేడా వస్తే యూనిట్ బాడీకి, ఇనుప స్టాండుకీ కరెంటు వస్తుంది. పక్కనే బట్టలు ఆరేసేది మన ఇంట్లోవాళ్లే కదా!

వీటిలో ఏది కనిపించినా ఎంసీబీ (కరెంటు బోర్డులో ఏసీకి ఉండే స్విచ్) ఆపేసి, మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మూత మీరు తీయకండి. కరెంటు ఆపాక కూడా లోపల కరెంటును నిల్వ ఉంచుకునే కెపాసిటర్ షాక్ కొట్టగలదు.