పెళ్ళి వీడియోను ప్లేయరులో ఆడే డీవీడీగా రాసుకోవడం

పాత పెళ్ళి క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించుకున్నవారు చాలామంది ఆ ఎంపీ4 ఫైలును ఉన్నదున్నట్టు ఖాళీ డిస్కులోకి కాపీ చేసి, అది ప్లేయరులో ఆడకపోయేసరికి డిస్కు మంచిది కాదనుకుంటారు. అలా తయారయ్యేది డేటా డిస్కు మాత్రమే. ఎంపీ4 చదవలేని పాత ప్లేయరుకు కావలసింది వీడియో డిస్కు. అందులో వీడియో_టీఎస్ అనే ఫోల్డరు, దానిలో బొమ్మా శబ్దమూ కలిసి ఉండే వీఓబీ ఫైళ్ళు, వాటిని ఏ వరుసలో ఆడించాలో చెప్పే ఐఎఫ్ఓ ఫైళ్ళు ఉండాలి. వీడియోను డీవీడీ ప్లేయర్లు చదివే ఎంపెగ్-2 అనే రూపంలోకి మార్చి ఈ అమరికనంతా సిద్ధం చేసే పని డీవీడీస్టైలర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు చేసిపెడుతుంది. మన దేశంలో చూడటానికైతే పాల్ అనే టీవీ పద్ధతిని, అంటే సెకనుకు 25 ఫ్రేములను (బొమ్మలను), ఎంచుకోవాలి. అమెరికాలోని బంధువులకు పంపేదైతే అక్కడి టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ ఎంచుకోవడమే క్షేమం, ఎందుకంటే అక్కడి ప్లేయర్లు చాలావరకు పాల్ డిస్కులను ఆడించవు.

ఇక డిస్కుల సంగతి. 1997లో వచ్చిన డీవీడీ మైనస్ ఆర్, 2002లో వచ్చిన డీవీడీ ప్లస్ ఆర్ రెండూ ఒక్కసారి మాత్రమే రాయగలిగినవి. పేరు చివర ఆర్‌డబ్ల్యూ ఉన్నవాటిని చెరిపి మళ్ళీ రాయవచ్చు గానీ, వాటి నుంచి తిరిగివచ్చే లేజరు కాంతి తక్కువ కాబట్టి పాత ప్లేయర్లు తడబడతాయి. పంచిపెట్టే ప్రతులకు నేను మైనస్ ఆర్‌నే వాడతాను.

డిస్కు మీద 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటరు 4.37 అనే చూపిస్తుంది. ఇది మోసమేమీ కాదు, తయారీదారు వెయ్యితోనూ కంప్యూటరు 1024తోనూ లెక్కించడం వల్ల వచ్చే తేడా. 470 కోట్ల బైట్లను బిట్లలోకి మార్చి, రెండు గంటల వీడియోలోని 7,200 సెకన్లతో భాగిస్తే సెకనుకు సుమారు 5.2 మెగాబిట్లు వస్తాయి. శబ్దానికి, మెనూకు కొంత విడిచి వీడియోకు 4.8 ఇస్తే బొమ్మ బాగానే ఉంటుంది. నాలుగు గంటల పెళ్ళిని ఒకే డిస్కులో ఇరికిస్తే తలంబ్రాల దృశ్యంలో బియ్యపు గింజలు గళ్ళుగళ్ళుగా చెదిరిపోతాయి. అటువంటప్పుడు రెండు డిస్కులు వాడటమే మేలు.

16ఎక్స్ వేగం దాకా రాయగల డిస్కునైనా అందులో సగమైన 8ఎక్స్ వేగంతో రాయడం నా అలవాటు. రాయడం పూర్తయ్యాక వెరిఫై చేయించాలి, అంటే రాసినది సరిగా ఉందో లేదో సాఫ్ట్‌వేరుతో సరిచూయించాలి. టీవీకి తగిలించే రికార్డరులో రాసిన డిస్కునైతే ఫైనలైజ్ చేయకుండా, అంటే ఇతర ప్లేయర్లు చదివేలా రాతను ముగించకుండా, బయటకు తీయకూడదు. లేకపోతే మరో ప్లేయరు దాన్ని ఖాళీ డిస్కుగానే చూసే అవకాశం ఉంది. పేరు రాయడానికి బాల్‌పెన్ను గానీ అంటించే కాగితం గానీ వాడకుండా, మెత్తని మొనగల మార్కరుతో రాయాలి.

చివరగా డిస్కును ప్లేయరులో వేసి, మొదటి ఐదు నిమిషాలు కాక, నేరుగా అప్పగింతల ఘట్టానికి వెళ్ళి చూడాలి. డిస్కు మీద రాత లోపలి వలయం నుంచి అంచు వైపు సాగుతుంది, దోషాలు ఎక్కువగా కనిపించేది ఆ అంచులోనే.