విండోస్‌లో టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి పోతోందా?

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లైనక్స్ రెండూ ఉండి, లైనక్స్ వాడాక విండోస్‌లో టైమ్ సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతుంటే బ్యాటరీని అనుమానించకండి. మదర్‌బోర్డు గడియారంలో లైనక్స్ యూటీసీ టైమ్ (మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) టైమ్‌జోన్ సమాచారం ఉన్నచోట ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ (RealTimeIsUniversal) అనే డీవర్డ్ (DWORD, అంకె విలువ) చేర్చి 1 పెడితే సరి. లైనక్స్‌ని మార్చడం కంటే ఇదే మేలు.

లైనక్స్‌లో టైమ్ సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోండి. టెర్మినల్ తెరిచి ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ (timedatectl) కొట్టండి. టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా అని, ‘సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్’ ఎదురుగా ‘యస్’ అని ఉండాలి. ఎన్‌టీపీ సర్వీస్ (నెట్ నుంచి టైమ్ సరిచేసేది) యాక్టివ్‌గా ఉన్నా అక్కడ ‘నో’ అనే చూపిస్తుంటే, ఫైర్‌వాల్ ఎన్‌టీపీ వాడే యూడీపీ 123 పోర్టును ఆపేస్తోందేమో చూడండి. ఆఫీస్ నెట్‌వర్క్‌లలో ఇది మామూలే.