బైక్ మీద పాటలు: వినపడకపోయినా, చెవి గుయ్యిమన్నా, మధ్యలో కట్ అయినా ఏం చూసుకోవాలి

బైక్ నడుపుతూ పాటలు వినేవాళ్ళకి వచ్చే ప్రాబ్లమ్స్‌లో సగానికి సగం అసలు పాట ప్రాబ్లమే కాదు, గాలి ప్రాబ్లం. స్పీకర్ మార్చారు, యూనిట్ (ఫోన్ నుంచి పాటని హెల్మెట్ స్పీకర్లకి చేర్చే బ్లూటూత్ పరికరం) మార్చారు, యాప్ మార్చారు, అయినా అదే గొడవ, ఎందుకంటే హెల్మెట్‌లోకి వచ్చే గాలి సౌండ్ అలాగే ఉంది కాబట్టి. అందుకే కింద ఏ సమస్య చూసినా ముందు గాలి సంగతి తేల్చుకుని తర్వాత మిగతావి పట్టుకోండి, డబ్బులూ మిగుల్తాయి చెవులూ మిగుల్తాయి.

స్పీడ్ పెరిగితే పాట వినపడట్లేదు, వాల్యూమ్ ఫుల్ పెట్టినా చాలట్లేదు

దాదాపు అందరికీ వచ్చేది ఇదే. సుమారు 65 కిలోమీటర్ల స్పీడ్ దాటాక మామూలు బైక్‌ల మీద ఇంజన్ సౌండ్ కన్నా హెల్మెట్ చుట్టూ తిరిగే గాలి సౌండే ఎక్కువైపోతుంది. 100 దగ్గర మంచి హెల్మెట్ లోపల కూడా 95 నుంచి 100 డెసిబెల్స్ దాకా ఉండొచ్చు. ఇది ఎంత ఎక్కువో తెలియాలంటే, అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం మీద రీసెర్చ్ చేసే నియోష్ సంస్థ పెట్టిన లిమిట్ చూడండి: 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగం అయిపోతుంది. అంటే 94 కి గంట, 97 కి అరగంట, 100 కి 15 నిమిషాలు. ఇది ఒక్క గాలి లెక్కే, పాట ఇంకా మొదలుపెట్టలేదు. ఆ గాలి మీద పాట వినపడాలంటే అంతకన్నా గట్టిగా పెట్టాలి, అంటే చెవికి గాలి దెబ్బ ఒకటి, దాని మీద పాట దెబ్బ ఇంకోటి.

పరిష్కారం వింటే చాలామంది నమ్మరు. హెల్మెట్ స్పీకర్లు ఉంటే చెవిలో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, అవును, పాట వినడానికే ప్లగ్స్. ప్లగ్ గాలినీ తగ్గిస్తుంది పాటనీ తగ్గిస్తుంది, మరి లాభం ఏంటి అంటారా, మొత్తం సౌండ్ చెవి తట్టుకోగలిగే లెవెల్‌కి దిగుతుంది. భారీ సౌండ్‌లో చెవి పదాల్ని విడదీసి వినలేదు, అందులోనూ గాలిది లావు గొంతు, ఆ బుర్రుమనే మోత పై శ్రుతుల్ని మింగేస్తుంది, పాటలో మాటలు ముందు పోయేది అందుకే. మిక్సీ పక్కన నిలబడి మాట్లాడుకునేటప్పుడు అరిచినకొద్దీ అర్థం కాదు, మిక్సీ ఆపితే మామూలు గొంతు చాలు, ఇదీ అంతే.

ఫోమ్ ప్లగ్ పెట్టడంలోనే చాలామందికి తేడా వస్తుంది. చేతులు శుభ్రంగా ఉండాలి, ప్లగ్‌ని వేళ్ళ మధ్య సన్నగా ముడతలు లేకుండా నలిపి, రెండో చెయ్యి తల వెనక నుంచి తెచ్చి చెవి పై భాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి ఒక 20, 30 సెకన్లు వేలితో అలాగే ఆపాలి. అది లోపల ఉబ్బి పట్టుకుంటుంది. సగం బయటికి కనపడుతుంటే పెట్టినట్టు కాదు. ప్యాకెట్ మీద ఇంత సౌండ్ తగ్గిస్తుందని ఎంత పెద్ద నంబర్ ఉన్నా సరిగ్గా పెట్టకపోతే అందులో సగం కూడా రాదు. ఫోమ్ బరువుగా అనిపిస్తే ఫిల్టర్ ఉన్న రైడింగ్ ప్లగ్స్ దొరుకుతాయి, అవి మాటల్ని కొంచెం ఎక్కువ రానిస్తాయి. ప్లగ్స్ పై శ్రుతుల్ని ఎక్కువ కోస్తాయి కాబట్టి ఈక్వలైజర్‌లో ట్రెబుల్ కాస్త పెంచండి, బేస్ పెంచొద్దు, బేస్ ఎటూ గాలిలో కలిసిపోతుంది.

ఇంకోటి, ఫోన్ వాల్యూమ్ వేరు, యూనిట్ వాల్యూమ్ వేరు అయి ఉండొచ్చు. ఫోన్‌లో సగంలో ఉండి యూనిట్‌లో ఫుల్ పెట్టి స్పీకర్ మీద కంప్లైంట్ చేసేవాళ్ళు బోలెడుమంది. ఫోన్‌లో మీడియా వాల్యూమ్ దాదాపు ఫుల్‌లో పెట్టి, కానీ ముందు యూనిట్‌ది బాగా తగ్గించి, తర్వాత కంట్రోల్ అంతా యూనిట్ మీదే చేసుకోండి.

ప్లగ్స్ పెట్టినా గాలి మోత ఎక్కువే

అప్పుడు గాలి ఎక్కడ కొడుతోందో కనిపెట్టాలి. ఖాళీ రోడ్డు మీద, సేఫ్‌గా ఉన్న చోట, మామూలు స్పీడ్‌లో కాసేపు ఫుట్‌పెగ్స్ మీద కొంచెం పైకి లేచి చూడండి. మోత ఒక్కసారిగా తగ్గి శుభ్రమైన గాలి తగిలిందంటే తప్పు హెల్మెట్‌ది కాదు, బైక్ విండ్‌స్క్రీన్ అంచు నుంచి వచ్చే సుడి గాలి సరిగ్గా మీ తలకి కొడుతోంది. స్క్రీన్ ఎత్తు పెంచడమో, తగ్గించడమో, లేకపోతే తీసేయడమో. పొడుగ్గా ఉన్నవాళ్ళకి ఒక్కోసారి స్క్రీన్ లేకపోవడమే ప్రశాంతం. లేచినా తేడా లేదంటే హెల్మెట్ చూసుకోండి: వదులుగా ఉందా, వైజర్ పూర్తిగా మూసుకుంటోందా, వైజర్ చుట్టూ రబ్బరు ఎండిపోయిందా, గడ్డం కింద నుంచి వచ్చే గాలిని ఆపే గుడ్డ (చిన్ కర్టెన్) ఉందా లేదా. మెడ దగ్గర నుంచి వచ్చే గాలే ఎక్కువ మోత చేస్తుంది, పల్చటి గుడ్డ మెడ కవర్ ఒకటి వేసుకుంటే ఆశ్చర్యపోతారు. కొసలు వేలాడే స్కార్ఫ్ మాత్రం వద్దు.

పాట పల్చగా వస్తోంది, బేస్ అస్సలు లేదు

బండి ఆపి, పాట ప్లే చేసి, హెల్మెట్ రెండు వైపులా అరచేతులతో లోపలికి నొక్కండి. వెంటనే బేస్ వచ్చేసిందా? అయితే స్పీకర్ బాగానే ఉంది, చెవికి దూరంగా ఉంది. హెల్మెట్ స్పీకర్లు ఎక్కువగా 40 మిల్లీమీటర్ల సైజువి, చెవి రంధ్రానికి ఎదురుగా లేకుండా ఒక్క సెంటీమీటర్ పక్కకి జరిగినా సౌండ్ సగం చచ్చిపోతుంది. హెల్మెట్‌లో చెవి గుంట మధ్యలో పెట్టేస్తారు అందరూ, మీ చెవి అక్కడ ఉండాలని రూల్ లేదు, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. హెల్మెట్ పెట్టుకుని సందులోంచి వేలు పెట్టి చెవి ఎక్కడుందో తడిమి చూసి, వెల్క్రో తీసి జరపండి. లోతుగా ఉంటే వెనకాల స్పేసర్ ప్యాడ్ పెట్టండి. చెవికి దగ్గరగా ఉండాలి కానీ ఒత్తకూడదు, ఒత్తితే కొంతసేపటికి నొప్పి మొదలై తల తిప్పడం కూడా చిరాకవుతుంది.

స్పీకర్ పట్టలేదని హెల్మెట్ లోపల తెల్లటి థర్మాకోల్ లాంటి పొర చెక్కేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. దాన్ని ఈపీఎస్ అంటారు, కింద పడ్డప్పుడు నలిగి దెబ్బని తీసుకునేది అదే, బయటి షెల్ కాదు. షెల్‌కి డ్రిల్ వెయ్యడం కూడా అంతే. గుంట లేని హెల్మెట్ అయితే పల్చటి స్పీకర్లు వెతుక్కోండి, హెల్మెట్‌ని మాత్రం ముట్టుకోవద్దు.

నొక్కినా బేస్ రాకపోతే, వైర్లు మీరే అతికించి ఉంటే, ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తిరగబడి ఉండొచ్చు, రెండు స్పీకర్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకదానివి మార్చి చూడండి.

పాట ఫోన్ కాల్‌లో వినిపించినట్టు డొల్లగా వస్తోంది

బ్లూటూత్‌లో పాటలకి ఒక దారి, కాల్స్‌కి ఒక దారి ఉంటాయి. పాటలది ఏ2డీపీ, స్టీరియోలో వస్తుంది. కాల్స్‌ది హెచ్‌ఎఫ్‌పీ, మాట అర్థమైతే చాలు అన్నట్టుగా మోనోలో వస్తుంది. పాట కాల్ దారిలో ఇరుక్కుపోతే ఇలా అవుతుంది. ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఆ యూనిట్ పేరు పక్కన మీడియా ఆడియో ఆన్‌లో ఉందో లేదో చూడండి. నావిగేషన్ యాప్‌లో వాయిస్‌ని ఫోన్ కాల్‌లా పంపే ఆప్షన్ ఉంటే ఆఫ్ చెయ్యండి. రెండు ఫోన్లు కనెక్ట్ అయి ఉంటే ఒకటి తీసేయండి. ఏదీ కుదరకపోతే రెండు వైపులా పెయిరింగ్ డిలీట్ చేసి మళ్ళీ మొదటి నుంచి, ఒక్క ఫోన్ వైపే డిలీట్ చేస్తే చాలాసార్లు పని జరగదు.

మధ్యమధ్యలో కట్ కట్ అవుతోంది

ఫోన్ ఎక్కడ పెట్టారు? బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద, దాన్ని నీళ్ళు బాగా పీల్చేస్తాయి, మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే. యూనిట్ హెల్మెట్ ఎడమ వైపు ఉండి ఫోన్ ప్యాంటు కుడి వెనక జేబులో ఉంటే మధ్యలో మీరంతా అడ్డం. జాకెట్ ఎడమ ఛాతీ జేబులోకి మారిస్తే చాలావరకు అక్కడితో పోతుంది. నెట్ మీద వినేవాళ్ళకి సిగ్నల్ లేని చోట ఆగడం వేరే సంగతి, బయల్దేరే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

వెనక హారన్, అంబులెన్స్ సైరన్ వినపడట్లేదు

ఇది మిగతావాటిలా చూసీ చూడనట్టు వదిలేసే విషయం కాదు. ముందు పాట ఆపి అదే రోడ్డు మీద వెళ్ళి చూడండి. పాట లేకపోయినా వినపడకపోతే అది గాలి, పైన చెప్పిన పనులు చెయ్యండి. పాట ఆపితే వినపడుతోంది అంటే వాల్యూమ్ ఎక్కువ, అంతే. దానికి నేను వాడే కొలత ఇది: ప్లగ్స్, హెల్మెట్ అన్నీ పెట్టుకుని, బండి ఆగి ఉన్నప్పుడు, ఇంజన్ ఆన్‌లో ఉండి, పాట వస్తుండగా పక్కన మనిషి కాస్త గట్టిగా మాట్లాడితే అర్థం కావాలి. అక్కడ సెట్ చేసి ఇక పెంచకూడదు. స్పీడ్‌లో పాట కొంచెం మునిగితే మునగనివ్వండి. స్పీడ్‌ని బట్టి దానంతట అదే వాల్యూమ్ పెంచే ఫీచర్ మీ యూనిట్‌లో ఉంటే కనిష్ఠంలో పెట్టండి లేదా ఆఫ్ చెయ్యండి.

మామూలు ఇయర్‌బడ్స్ గురించి నా మాట సూటిగా చెప్తా, హెల్మెట్ కింద అవి వద్దు. హెల్మెట్ పెట్టేటప్పుడే సగం ఊడతాయి, గట్టి ప్లాస్టిక్ చెవిని ఒత్తుతుంది, పడితే అదే చెవిలోకి దిగుతుంది, తియ్యాలంటే హెల్మెట్ తియ్యాలి. నాయిస్ క్యాన్సిలేషన్ ఉంది కదా అంటారు, గాలి నేరుగా దాని మైక్‌కి కొడితే అదే కొత్త మోత పుట్టిస్తుంది, బయటి సౌండ్‌ని లోపలికి వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ అయితే గాలినే పెంచి వినిపిస్తుంది. ఒక్క చెవికే పెట్టుకోవడం సేఫ్ అనుకుంటారు, రెండో చెవి మొత్తం గాలికి బలి, పైగా సౌండ్ ఏ వైపు నుంచి వస్తోందో పోల్చుకోవడం కష్టం, దానికి రెండు చెవులూ కావాలి. వైర్ ఉన్నవి అయితే జాకెట్‌కో హ్యాండిల్‌కో తట్టుకుంటాయి. ఎముక ద్వారా సౌండ్ పంపే బోన్ కండక్షన్‌వి చెవి తెరిచి ఉంచుతాయి నిజమే, కానీ హెల్మెట్ కణతల దగ్గర వాటిని నొక్కేస్తుంది, గాలిలో మునిగిపోతాయి, మళ్ళీ వాల్యూమ్ పెంచుతారు.

చట్టం సంగతి కూడా ఉంది. ఫ్రాన్స్‌లో 2015 జులై 1 నుంచి బండి నడిపేటప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం నిషేధం. కాలిఫోర్నియాలో రెండు చెవులకీ పెట్టుకోకూడదు. రూల్ చోటుని బట్టి మారుతుంది, కొన్ని చోట్ల ఇయర్‌ప్లగ్స్ మీద కూడా షరతులుంటాయి, మీరు నడిపే చోట ఏముందో ముందే కనుక్కోండి.

దిగాక చెవి గుయ్యిమంటోంది, మాటలు దూది వెనక నుంచి వినపడుతున్నాయి

అది అలసట కాదు. చెవి లోపల సౌండ్‌ని పట్టుకునే సన్నటి వెంట్రుకల లాంటి కణాలు దెబ్బతిన్న గుర్తు. కాసేపటికి తగ్గిపోతుంది కాబట్టి ఏం కాలేదనుకుంటాం, కానీ మళ్ళీ మళ్ళీ అయితే కొంచెం కొంచెంగా శాశ్వతంగా పోతుంది, ఆ కణాలు మనుషుల్లో మళ్ళీ పెరగవు. ఆ రోజుకి ఇంక పెద్ద సౌండ్ వద్దు, మర్నాటి నుంచి ప్లగ్స్ లేకుండా బండి ఎక్కొద్దు. రెండు రోజులకీ గుయ్యిమనడం తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి. ఒక చెవి హఠాత్తుగా వినపడటం మానేస్తే మాత్రం రేపు చూద్దాం అనుకోకుండా ఆ రోజే వెళ్ళండి.

పాట మార్చబోతే బండి పక్కకి పోతోంది

60 స్పీడ్‌లో రెండు సెకన్లు ఫోన్ వైపు చూస్తే 33 మీటర్లు చూడకుండా వెళ్ళినట్టు. ప్లేలిస్ట్ బయల్దేరే ముందే పెట్టండి, నచ్చని పాట వస్తే రానివ్వండి. గ్లవ్స్ వేసుకుని యూనిట్ బటన్లు చూడకుండా నొక్కడం బండి ఆపి ప్రాక్టీస్ చెయ్యండి. ఊపున్న పాట వచ్చినప్పుడల్లా స్పీడోమీటర్ చూసుకోండి, ముల్లు పైకి పోతుంటే ఆ పాటలు బండి మీదికి వద్దు, ఇంట్లో వినండి. ట్రాఫిక్‌లో, వానలో, కొత్త రోడ్డు మీద, నిద్ర వస్తున్నప్పుడు పాట ఆపేయడమే మంచిది. నిద్రకి మందు పాట కాదు, బండి పక్కకి ఆపడం.

చిన్నవి

హ్యాండిల్ మీద ఫోన్ పెట్టి పాటలు నడిపేవాళ్ళకి కెమెరా వణుకుతూ ఫోకస్ అవ్వకపోతే అది ఇంజన్ వైబ్రేషన్ పని కావొచ్చు. ఆపిల్ కంపెనీ కూడా 2021లో మోటార్‌సైకిల్ వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని హెచ్చరించింది. వైబ్రేషన్ తగ్గించే మౌంట్ వాడండి, లేకపోతే జేబే బెటర్.

కాల్‌లో అవతలివాళ్ళకి గాలి మాత్రమే వినపడుతోందంటే మైక్ మీద ఫోమ్ ఊడిపోయి ఉంటుంది, లేదా మైక్ పెదాలకి దూరంగా ఉంటుంది.

వానలో తడిశాక యూనిట్ ఆన్ అవ్వకపోతే వెంటనే చార్జింగ్ పెట్టొద్దు, పోర్ట్ పూర్తిగా ఆరాకే. పోర్ట్ మీద రబ్బరు మూత సరిగ్గా మూయకుండా బయల్దేరితే వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా లాభం లేదు. ఎండలో వదిలేసిన హెల్మెట్‌లోని యూనిట్‌ని కూడా చల్లబడ్డాకే చార్జింగ్ పెట్టండి, లిథియం బ్యాటరీలకి 45 డిగ్రీలు దాటాక చార్జింగ్ మంచిది కాదు.